ఒర్నెల్లా గిన్నె

తర్చీజియో ఆ ఊరికి భోజనానికి రాలేదు. ఒక మాట అప్పజెప్పడానికి వచ్చాడు. ఆ మాట ముప్పైనాలుగేళ్ళుగా అతని దగ్గరే ఉండిపోయింది. ఈలోగా అతను పెళ్ళి చేసుకున్నాడు, పెళ్ళాం పోయింది, లారీ నడపడం మానేశాడు, మోకాళ్ళు అరిగిపోయాయి. ఆ మాట మాత్రం ఆవగింజంత కూడా అరగలేదు.

నవంబరు రెండో తారీకు, ఊరూరా పోయినవాళ్ళను తలుచుకునే రోజు. తెల్లవారకముందే తనుండే త్రెవీజోలో కారెక్కి, పో అనే నది మైదానంలోకి దిగేసరికి పొగమంచు కమ్మేసింది. ఆ మంచు అతనికి కొత్త కాదు. శ్మశానంలో ఒర్నెల్లా సమాధి వెతుక్కోవాల్సిన పని కూడా పడలేదు. కాళ్ళు వాటంతటవే తీసుకెళ్ళినట్టు వెళ్ళి నిలబడ్డాడు. పింగాణీ బిళ్ళ మీద పదిహేడేళ్ళ పిల్ల ఫోటో. తను తెచ్చిన చామంతుల కుండీ పెట్టబోతే అప్పటికే అక్కడ తడి ఆరని పువ్వులున్నాయి. పక్కన రాసి ఉన్న పేరు తండ్రిది, తల్లిది కాదు. అంటే తల్లి బతికే ఉంది.

నిజం చెప్పుకోవాలంటే, ఆవిడ కూడా పోయి ఉంటే బాగుండునని దారిపొడుగునా అనుకుంటూనే వచ్చాడు. అట్లా అయితే సమాధికి చెప్పేసి వెళ్ళిపోవచ్చు, సమాధులు ఎదురుప్రశ్న వెయ్యవు. మనిషి ఎంత పిరికివాడైతే అంత మర్యాదగా కనిపించే దారులు వెతుకుతాడు. తర్చీజియో ఆ విద్యలో ఆరితేరినవాడు.

1989లో ఇదే రోజు, ఇలాంటి మంచులోనే, టైల్స్ లోడుతో వస్తూ మలుపు దగ్గర సైకిల్ని గుద్దాడు. కోర్టులో పొగమంచుదే తప్పని తేలింది. ఆ పిల్ల ప్రాణం అక్కడికక్కడే పోయిందని అతను చెప్పాడు. వకీలు అట్లా చెప్పమన్నాడు, అతనికీ అట్లా చెప్పడమే తేలికనిపించింది. కానీ ఒర్నెల్లా ఇరవై నిమిషాలు బతికే ఉంది. దగ్గర్లో ఎక్కడో కుక్క మొరిగింది. కుక్క ఉందంటే ఇల్లుంటుంది, ఇల్లుంటే టెలిఫోనుంటుంది. ఇవన్నీ అతనికి తెలుసు. అయినా కాళ్ళు లేవలేదు. ఎవరో ఒకరు వస్తారులే అనుకుంటూ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని తడి గడ్డిలో కూర్చుండిపోయాడు. ఎవరూ రాలేదు. చివర్లో ఆ పిల్ల కళ్ళు తెరిచి, కాస్త విసుగ్గా, ఆలస్యమైపోతున్న మనిషిలాగా అంది.

"మా అమ్మతో చెప్పండి, నా గిన్నె తియ్యొద్దని. వచ్చేస్తున్నాను."

ఆ మాట తల్లికి చేరవెయ్యాలంటే పిల్ల మాట్లాడిందని ఒప్పుకోవాలి. మాట్లాడిందంటే బతికి ఉందనేగా. బతికుంటే నువ్వేం చేస్తూ కూర్చున్నావని అడుగుతారు. అందుకని ఆ మాటను మింగేశాడు. అది ఇన్నేళ్ళూ గొంతులో చేపముల్లులా ఉండిపోయింది.

ఇంటి అడ్రసు తెలియదు. చౌరస్తాలో దీపం వెలుగుతున్న చిన్న హోటలొకటి కనిపించింది. కాఫీ తాగుతూ అడుగుదామని తలుపు తోశాడు.

లోపల ఐదారు బల్లలు, ఒక మూల కట్టెల పొయ్యి. తలుపు చప్పుడుకి మాటలన్నీ ఆగిపోయాయి. అందరూ తిరిగి అతన్నే చూశారు. యాభై దాటిన ఒకాయన చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చాడు. ఆయన పేరు ఫౌస్తో, హోటలు యజమాని.

"ఈ ఊరివారేనా మీరు?"

"కాదండీ."

"ఇక్కడ చుట్టాలెవరైనా?"

"ఎవరూ లేరు. ఒక కాఫీ తాగి..."

"కాఫీ తరవాత. కోటు ఇటివ్వండి. కూర్చోండి, ఇదిగో, ఇక్కడ."

కిటికీ పక్క బల్ల మీద ఒక్కరికే సరిపడా వడ్డన అమర్చి ఉంది. తెల్లటి గుడ్డ, ఒక చెంచా, ఒక గ్లాసు, ఒక తీపిరొట్టె. కుర్చీ కూడా కాస్త వెనక్కి లాగి పెట్టి ఉంది, ఎవరో వచ్చి కూర్చుంటారని తెలిసినట్టు. తర్చీజియో మొహమాటపడుతూ కూర్చున్నాడు.

"అదృష్టమంటే నీదయ్యా!" పక్క బల్ల మీంచి ఒక ముసలాయన అరిచాడు. "పొద్దున పదకొండు నుంచీ ఈ కుర్చీ మీద కన్నేసి కూర్చున్నాను. ఇరవై ఏళ్ళుగా కూర్చుంటున్నాను. నాకు పెట్టరు. ఎందుకంటే నేను ఈ ఊళ్ళో పుట్టానట. పుట్టడం కూడా నా తప్పేనా?"

కౌంటరు దగ్గర కాఫీ గింజలు మరలో ఆడిస్తున్న ఫౌస్తో భార్య లొరెదానా తలెత్తకుండానే అందుకుంది. "నీకు పెడితే పోయినవాళ్ళకేం మిగుల్తుంది బత్తీస్తా? గిన్నె కూడా నాకేస్తావు నువ్వు."

అందరూ నవ్వారు. బత్తీస్తా ఆ ఊరి పాత మంగలి. గెడ్డాలు గీసే పని మానేసి పదేళ్ళయినా మాట్లాడే పని మానలేదు. అతనే వంగి, గొంతు తగ్గించి సంగతి విడమరిచాడు. ఈ రోజు మధ్యాహ్నం ఈ గడప తొక్కిన మొదటి పరాయి మనిషి ఈ ఇంట్లో పోయినవాళ్ళ పేరున తినాలి. అతను తిన్నది వాళ్ళకు ముడుతుంది. ఇంకోలా చెప్పాలంటే అతనే భోక్త. డబ్బు తీసుకోరు. గిన్నెలో మెతుకు మిగల్చకూడదు, మిగిల్తే ఆ ఏడంతా పోయినవాళ్ళు పస్తుంటారు. ఎవరి పేరున తింటున్నాడో ముందు చెప్పరు. కడుపునిండా తిన్నాక తినేవాడే అడగాలి, "ఎవరి పేరున తిన్నాను?" అని. అప్పుడు పేరు చెబుతారు. ఆ పేరు పెట్టి ఒక్క దీవెన పలికి లేచిపోవడమే.

"ముందే చెబితే జాలిపడి తింటారు కదా," అన్నాడు బత్తీస్తా. "జాలి తిండి పోయినవాళ్ళకి ఒంటబట్టదట. ఆకలితో తినాలి."

తర్చీజియోకి అసలు ఆకలే లేదు. ఆ ముక్క చెబుదామనుకునేలోగా వంటింటి తలుపు తెరుచుకుంది. ఒక ముసలావిడ రెండు చేతులా గిన్నె పట్టుకుని వచ్చింది. పొట్టిగా, ఎండు కొమ్మలా ఉంది. నల్ల గౌను మీద నల్ల ఆప్రాను. నడక మాత్రం చకచకా సాగింది.

"తిను నాయనా. సెగలు కక్కుతోంది, ఊదుకుని తిను," అంది. "మొహమాటపడకు. వంటింట్లో బోలెడుంది."

"మా అమ్మ పాల్మీరా," అన్నాడు ఫౌస్తో.

రెండు చెవుల మట్టిగిన్నె అది. అంచున ఒకచోట పెచ్చు లేచిపోయింది. హోటల్లో మిగతావాళ్ళ ముందున్నవన్నీ తెల్ల పింగాణీ పళ్ళాలు. ఇదొక్కటే ఇంటి గిన్నెలా ఉంది. అందులో శనగల సూపు. పంది తోలు మెత్తగా ఉడికి, శనగల్లో కలిసిపోయి, పైన సేజ్ అనే వాసనాకు తేలుతోంది. తర్చీజియో ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాడు.

రెండో చెంచాకి కడుపులో ఆకలి భగ్గుమంది. పొద్దున్నుంచి లేని ఆకలి, అరవయ్యారేళ్ళ ఒంట్లో పుట్టాల్సింది కాదు. పొలాల్లో పడి సైకిలు తొక్కొచ్చిన పిల్లలకు వేసే ఆకలి అది. తింటున్నకొద్దీ పెరిగింది. చెంచా ఆపుదామన్నా చెయ్యి ఆగలేదు. ఈ ఆకలి తనది కాదేమోనని ఒక్క క్షణం అనిపించింది. నవ్వుకుందామని చూశాడు, నవ్వు రాలేదు.

పాల్మీరా కాసేపు నిలబడి చూసి, తృప్తిగా తలూపి లోపలికి వెళ్ళింది.

బత్తీస్తా నోట్లో నువ్వుగింజ నానదు. ఆవిడ అటు తిరగ్గానే కుర్చీ ఇటు జరుపుకున్నాడు.

"పేరు చెప్పను, ఒట్టు. పేరే కదా చెప్పకూడనిది, మిగతాది చెబితే దోషం లేదు. అదిగో, ఆ గోడ చూడు."

గోడ మీద అంతటా పొగ పట్టింది. ఒకచోట మాత్రం కోలగా, తెల్లగా ఒక మచ్చ ఉంది. దానికింద చిన్న దీపం వెలుగుతోంది.

"ఫోటో ఉండేది అక్కడ. నీకు కనపడకూడదని ఇవాళ తీసి లోపల పెడతారు. ఆవిడ కూతురు. దర్జీ పని నేర్చుకునేది పక్క ఊళ్ళో. మధ్యాహ్నం భోజనానికి సైకిలు మీద ఇంటికొచ్చేది. ఇవాళ్టి రోజే, ఇదే మంచు. ఇదే సూపు. లారీ ఒకటొచ్చి..." చేత్తో గాలిలో ఒక గీత గీశాడు. "అక్కడికక్కడే అట. ఏమీ తెలియకుండానే పోయిందట. అదొక్కటే ఆ తల్లికి ఊరట."

తర్చీజియో చేతిలో చెంచా ఆగిపోయింది.

"అసలు బాధ అది కాదులే," అని బత్తీస్తా ఇంకా దగ్గరికి వంగాడు. "ఆ రోజు పన్నెండున్నరకి ఆ పిల్ల గిన్నెలో వడ్డించి పెట్టింది పాల్మీరా. ఒంటిగంటయింది, పిల్ల రాలేదు. ఒంటిగంటన్నరయింది. ఈవిడకి కోపం ముక్కు మీదే ఉంటుంది చూడు. 'వేళకి రాని వాళ్ళకి తిండి లేదు, పో' అని సూపు కుండలో వొంపేసి, గిన్నె కడిగి బోర్లించేసిందట. పోలీసులు వచ్చేసరికి గిన్నె ఇంకా తడిగానే ఉందట. అంతే. అదే పట్టుకుంది ఆవిణ్ణి. నా బిడ్డ గిన్నె నేనే తీసేశాను, నా బిడ్డ గిన్నె నేనే తీసేశాను అని... మనిషి పిచ్చిదైపోతుందనుకున్నాం. చివరికి ఈ వంకన గట్టెక్కింది. ఏటా ఆ గిన్నెలోనే ఎవరో ఒకరికి పెడుతుంది. ఇదే, నీ ముందున్నదే."

అతను ముప్పైనాలుగేళ్ళు మోసుకొచ్చింది పువ్వు కాదు, కత్తి. ఈవిడ గుండెలో సరిగ్గా ఎక్కడ దిగాలో అక్కడ దిగడానికి తయారైన కత్తి. ఆ సంగతి అతనికి అప్పుడే తెలిసింది. చెప్పేసి బరువు దించుకుందామని వచ్చాడు. దించుకోవడమంటే ఈ ముసలావిడ నెత్తిన పెట్టడమని అనుకోలేదు. లేచి పారిపోదామనిపించింది. గిన్నెలో ఇంకా సగం ఉంది. మిగిల్తే ఆ పిల్ల ఏడాదంతా పస్తుంటుంది.

పాల్మీరా మళ్ళీ వచ్చి ఎదురుగా కూర్చుంది. ఆప్రానులో చేతులు పెట్టుకుని అతని నోటి వంకే చూసింది.

"ఆగావేం నాయనా? ఉప్పు తక్కువైందా?"

"లేదమ్మా. బాగుంది."

"మరి తిను. ఎవరైనా తింటుంటే చూడ్డం నాకిష్టం. పోయినేడు ఒక జర్మనువాడొచ్చాడు, మందులషాపులో మందు తాగినట్టు తాగాడు. నువ్వు బాగా తింటున్నావు. పిల్లలు తిన్నట్టు తింటున్నావు."

అతను తిన్నాడు. ఒక్కో చెంచా ఎత్తడానికి లారీ టైరు ఎత్తినంత పనయింది, అయినా కడుపులో ఆ ఆకలి మాత్రం ఇంకా కావాలంటూనే ఉంది. పాల్మీరా పెదవులు అతని పెదవులతో పాటు కదిలాయి, పసిపిల్లలకు తినిపించే తల్లులకు కదిలినట్టు. కన్నీళ్ళు వస్తాయేమోనని అతను తల గిన్నెలోకి వంచేశాడు. చివరికి అడుగున ఒక్క చెంచాడు మిగిలింది.

మనసు ఎక్కడో ఉంది. మలుపు దగ్గర గడ్డిలో ఉంది. బత్తీస్తా చెప్పిన వరస తారుమారైపోయింది. అడగాల్సింది అడగనే లేదు. చెంచా పట్టుకునే, గొణుగుతున్నట్టు అనేశాడు.

"ఒర్నెల్లా ఆత్మకి శాంతి కలగాలి."

బల్లల మీద చెంచాలన్నీ ఆగిపోయాయి. కట్టె చిటపటమన్న చప్పుడు పెద్దగా వినిపించింది.

"పేరు ఎవరు చెప్పారు నీకు?" అంది పాల్మీరా.

"నేను చెప్పలేదు!" బత్తీస్తా గుండెల మీద చెయ్యేసుకున్నాడు. "మా అమ్మ తోడు, అంతా చెప్పాను గానీ పేరు చెప్పలేదు!"

"శ్మశానం మీదుగా వచ్చుంటారు అత్తయ్యా," అంది లొరెదానా నెమ్మదిగా. "సమాధి మీద చూసుంటారు. అంతేనా పెద్దాయనా?"

తప్పించుకోవడానికి తలుపు బార్లా తెరిచి పెట్టినట్టయింది. తలూపితే చాలు, ఆ ఊపు అబద్ధం కూడా కాదు, నిజంగానే చూశాడు. కోర్టులో కూడా అచ్చం ఇలాగే ఎవరో తలుపు తెరిచి పట్టుకున్నారు. ఒక్కసారి ఆ తలుపులోంచి బయటికి నడిచినందుకు ఇన్నేళ్ళు ఎక్కడికీ చేరలేదు.

"ఆ లారీ నాదమ్మా," అన్నాడు. "నేనే నడిపాను. ఆ పిల్ల... అక్కడికక్కడే పోలేదు. ఇరవై నిమిషాలు బతికుంది. నేను చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. కుక్క మొరిగింది. ఇల్లుందని తెలుసు. వెళ్ళలేదు. భయమేసింది. అంతే, ఇంకే కారణం లేదు."

ఫౌస్తో ఎప్పుడు వచ్చాడో, కాలరు పట్టుకుని కుర్చీలోంచి లేపేశాడు. "గందీనీ వాళ్ళ కుక్క అది! రెండొందల గజాలు లేదు ఆ ఇల్లు! వాళ్ళింట్లో కారుంది, టెలిఫోనుంది! ఇరవై నిమిషాలు ఏం చేశావురా? ఏం చేశావు?"

కొడితే బాగుండుననుకున్నాడు తర్చీజియో.

"వదులు ఫౌస్తో," అంది పాల్మీరా.

"అమ్మా, వీడు..."

"వదలమన్నాను. అతని తిండి ఇంకా అవలేదు."

ఫౌస్తో వేళ్ళు ఒక్కొక్కటే వదిలాయి. తర్చీజియో కుర్చీలో కూలబడ్డాడు. ఆవిడ గిన్నె వైపు చూపించింది. అతను ఆ చివరి చెంచా నోట్లో పెట్టుకున్నాడు. చల్లారిపోయింది. ఆవిడ చూస్తుండగా మింగాడు.

అప్పుడు ఆవిడ ముందుకు వంగింది. గొంతు పిసరంత కూడా వణకలేదు.

"ఇరవై నిమిషాలు. ఏమైనా అందా?"

ఎన్నేళ్ళు ఈ ప్రశ్న కోసం ఎదురుచూశాడో, ఎన్నేళ్ళు దీన్నుంచి పారిపోయాడో. మాట నాలిక చివర ఉంది. గిన్నె చెవుల మీద ఆవిడ చేతులున్నాయి, కడిగీ కడిగీ పగిలిపోయిన చేతులు. ఆ రోజు ఈ చేతులే దీన్ని కడిగి బోర్లించాయి. ఏటా ఇవే కడుగుతున్నాయి.

"అందమ్మా," అన్నాడు. "ఆకలి లేదంది. అమ్మని ఎదురుచూడొద్దని చెప్పమంది. గిన్నె తీసేసి, మిమ్మల్ని తినెయ్యమంది."

చెప్పి తల దించుకున్నాడు. మొదటి అబద్ధం తనకోసం ఆడాడు. ఇది తనకోసం కాదు. అయినా గొంతులో ముల్లు కదల్లేదు, ఇంకాస్త లోతుకి దిగింది.

"ఆకలి లేదందా?" పాల్మీరా కనుబొమలు ముడిచింది. "మా ఒర్నెల్లానా?"

గిన్నె అంచున పెచ్చు లేచిన చోట వేలితో తడిమింది.

"కుండ దింపేదాకా ఆగేది కాదు. గరిటెలోంచే తాగేది. పెళ్ళిలో భోజనం చేసొచ్చి మళ్ళీ ఇంట్లో తినేది." తలెత్తింది. "ఎదురుచూడొద్దందా?"

"అవునమ్మా."

"తీసెయ్యమందా? గిన్నె?"

"అవును."

"అయితే నేను తీసెయ్యడం తప్పు కాదన్నమాట," అంది ఆవిడ. అడిగినట్టుగా అంది.

"కాదమ్మా."

ఆవిడ వెనక్కి వాలి ఊపిరి వదిలింది. ముఖంలో ఏదో ముడి వీడింది. ఫౌస్తో గోడవైపు తిరిగి భుజాలు కుదుపుతూ ఏడుస్తున్నాడు. బత్తీస్తా టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. అప్పటిదాకా గోడకి ఆనుకుని నిలబడ్డ లొరెదానా, ఇంక ఏం చెయ్యాలో తోచక, ఏళ్ళ అలవాటు కొద్దీ ముందుకొచ్చి గిన్నె తియ్యబోయింది.

"తియ్యొద్దు!"

అది తన గొంతేనని తర్చీజియోకి తెలియలేదు. రెండు చేతులూ గిన్నె చుట్టూ వేసి పట్టేసుకున్నాడు. లొరెదానా ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి లాక్కుంది.

"తియ్యొద్దమ్మా," అన్నాడు, ఈసారి మెల్లగా. "ఇంకాసేపు ఉండనివ్వండి. గిన్నె తియ్యొద్దు."

పాల్మీరా అతని చేతుల్ని చూసింది. తరవాత ముఖంలోకి చూసింది. చాలాసేపు చూసింది. అతను కళ్ళు తిప్పుకుందామనుకున్నాడు గానీ తిప్పుకోలేకపోయాడు. ముప్పైనాలుగేళ్ళు నోరు దాటని మాట, దాచాలనుకున్న రోజునే దాటిపోయిందని అతనికి ఆ చూపులోనే తెలిసింది.

ఆవిడ లేచింది. అతని వేళ్ళ మధ్య నుంచి గిన్నెను మెల్లగా విడిపించుకుని వంటింట్లోకి వెళ్ళింది. కుండ మూత తీసిన చప్పుడైంది, గరిటె చప్పుడైంది. తిరిగొచ్చేసరికి గిన్నె నిండా సూపు పొగలు కక్కుతోంది. దాన్ని మళ్ళీ అదే చోట పెట్టి, చెంచా తుడిచి పక్కన పెట్టింది. తర్చీజియో లేచి కుర్చీ ఖాళీ చేశాడు. ఎవరూ చెప్పకుండానే చేశాడు.

"అమ్మా, ఏం చేస్తున్నావు?" అన్నాడు ఫౌస్తో.

"దానికి చల్లారింది నచ్చదు," అంది పాల్మీరా.

తన కుర్చీని తలుపు వైపు తిప్పుకుని కూర్చుంది. కిటికీలో మంచు తప్ప ఏమీ కనపడటం లేదు.